నాలుగు నిమిషాల పదిహేడు సెకన్లు

మా ఇంట్లో ఐదుగురం, నాలుగు ఫోన్లు.
బంటిగాడు నానమ్మ ఫోన్లో వాటాదారు.
అందరం ఒక్కచోట కనబడేది
'మన ఇల్లు' అని స్పందన పెట్టిన గ్రూపులోనే.

నల్లా కూడా అక్కడే వస్తుంది, రోజు విడిచి రోజు.
"నీళ్ళొచ్చినయ్, మోటర్ వెయ్యండి."
"తాళంచెవి చెప్పుల స్టాండులో, ఎడమ బూటులో."
"గ్యాస్ అబ్బాయికి ఓటీపీ చెప్పు, 4471."
"కరివేపాకు. మళ్ళీ మర్చిపోకండి."
ఉప్పల్ డిపోలో డ్యూటీ ఎక్కేముందు
ఆయనదొక "ఓకే".
దిగాక ఇంకో "ఓకే".
పద్దెనిమిదేళ్ళ కాపురంలో
మా ఆయన నాకు రాసిన ఉత్తరాలన్నీ కలిపితే
ఆ రెండక్షరాలే.

అత్తమ్మకు చదవడం రాదు.
బొటనవేలు బొమ్మ మాత్రం వచ్చు.
ఎవరో పోయారన్న కబురుకూ అదే,
బంటి పుట్టినరోజుకూ అదే.
ఒకప్పుడు కాగితాల మీద నీలంగా ముద్రపడ్డ వేలు
ఇప్పుడు పసుపు పూసుకుని నిలబడుతుంది.

మొన్న మంగళవారం
రైలు తార్నాక దాటుతుంటే
గ్రూపులో అత్తమ్మ వాయిస్ ఒకటి.
నాలుగు నిమిషాల పదిహేడు సెకన్లు.
పంపింది కాదు, ఎక్కడో నొక్కుకుపోయింది.
ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని
ఇంకో చెవి రైలుకు వదిలేశాను.

మొదట ఏమీ లేదు. ఫ్యాను.
ఫోనుకు కొంగు ఒరుసుకుంటున్న చప్పుడు.
తర్వాత మా ఇల్లు మొదలైంది.
నేను లేని మా ఇల్లు.

వీధిలో పాత సామాన్ల బండి మైకు.
ఆయన సాక్సు వెతుకుతున్నాడు,
వెతుకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.
ఈయనకు రాగం కూడా ఉందా!
బంటి ఎక్కం చదువుతున్నాడు,
పదిహేడార్లు తొంభై ఎనిమిదట.
ఎవరూ దిద్దలేదు.
మెట్టుగూడ స్టేషన్లో నేనే
"నూటరెండు" అన్నాను పైకి.
పక్కన నిలబడ్డామె జరిగి నిలబడింది.

అప్పుడు దగ్గరగా,
ఫోనులోనే నోరు పెట్టినట్టు, స్పందన:
"నానమ్మా, అమ్మకు అప్పుడే చెప్పొద్దు."
"నేనెవ్వలికి చెప్త బిడ్డా? నాకు ఫోను గూడ సరిగ రాదాయె."
"అది కాదు, నేను..."

కుక్కర్ విజిల్ వేసింది.
పొద్దున ఐదింటికి లేచి
నేను పప్పు కడిగి పెట్టొచ్చిన కుక్కరే.
"మూడు విజిళ్ళకు ఆపండి" అని
హబ్సిగూడలో నేనే మెసేజ్ పెట్టిన కుక్కరే.
అది ఆగేసరికి అత్తమ్మ
"అయ్యో పిచ్చిదానా" అంటోంది.
ఇద్దరూ నవ్వుతున్నారో
ఏడుస్తున్నారో.
సికింద్రాబాద్ ఈస్ట్‌లో జనం ఎక్కారు.

అమీర్‌పేటలో రైలు మారేచోట
స్తంభానికి ఆనుకుని
మళ్ళీ విందామని ఫోను తీస్తే,
ఈ సందేశం తొలగించబడింది.

అత్తమ్మకు తొలగించడం రాదు.

"ఏంటది?" అని పెట్టాను.
"ఏం లేదమ్మా. నానమ్మ చెయ్యి తగిలింది."
ఆయన "ఓకే" అన్నాడు, ఎవరికో, దేనికో.
నేను ఏదో రాశాను. చెరిపాను.
ఇంకోటి రాశాను, చాలా పెద్దది.
ల్యాబులో నా కౌంటర్ ముందు
పరగడుపున వచ్చినవాళ్ళ వరస పెరుగుతోంది.
అదీ చెరిపాను.
చివరికి నా వేళ్ళలోంచి వెళ్ళింది:
"కుక్కర్ ఆపారా?"
వెంటనే అత్తమ్మ బొటనవేలు.

రాత్రి అందరం అన్నాలకు కూర్చున్నాం,
ఎవరి ఫోను వాళ్ళ కంచం పక్కన.
పెరుగు వేస్తూ
"పదిహేడార్లు ఎంతరా బంటీ" అన్నాను.
వాడు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.
స్పందన తలెత్తి నా వైపు చూసింది.

పదకొండు నలభైకి దిండు కింద వెలుతురు.
గ్రూపులో కాదు, నాకొక్కదానికే.
"పడుకున్నావా అమ్మా"
"లేదు"
టైప్ చేస్తోంది, అని వచ్చింది.
ఆగింది.
మళ్ళీ వచ్చింది.
మళ్ళీ ఆగింది.

గోడకు అవతల మంచం కిర్రుమంది.
నేను ఫోను బోర్లించి
ఆయన వైపుకు కాస్త జరిగాను,
ఇటు పక్కన చోటు ఉండేట్టు.